చైను ఊడిన ప్రతిసారీ లింకు తీయించకండి

సైకిలు సందేహాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నాది 22 అంగుళాల పాత నల్ల సైకిలు. రోజూ తెల్లవారుజామున తిరుచానూరు నుంచి పూలబుట్ట పెట్టుకుని తిరుపతికి వచ్చి, కపిలతీర్థం దాటి అలిపిరి వైపున్న వాడుక ఇళ్లకు పూలు ఇచ్చి వెళ్తుంటాను. మూడు నెలలుగా చైను రోజుకు రెండు మూడు సార్లు ఊడిపోతోంది. గుంతలో దిగినప్పుడూ ఊడుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడూ ఊడుతుంది. షాపులో రెండుసార్లు లింకు తీసి బిగించారు. వారం పాటు బాగుండి మళ్లీ మొదటికి వస్తోంది. ఇప్పుడు చైనే మార్చమంటున్నారు. మారిస్తే తీరుతుందా?
ఒక పాఠకుడు, తిరుచానూరు

జవాబు: చైను మార్చవలసి రావచ్చు గాని, అది ఒక్కటీ మార్చినంత మాత్రాన మీ బాధ తీరుతుందని చెప్పలేను. మీరు రాసిన లక్షణాలు రెండు, వాటి కారణాలు వేరువేరు. గుంతలో ఊడే చైను సాధారణంగా వదులైన చైను. కుదుపుకు దాని వేలాడే భాగం ఎగిరి, తిరిగి పళ్ల మీదికి వచ్చేసరికి పక్కకు పడుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు సంగతి వేరు. అప్పుడు మీ తొక్కుడు బలమంతా పడి చైను పైభాగం తీగలా బిగిసి ఉంటుంది. అలా బిగిసిన చైను కూడా ఊడుతోందంటే, ముందు పెడళ్ల దగ్గరున్న పెద్ద పళ్లచక్రం, అంటే చైన్‌వీలూ, వెనుక చక్రానికున్న చిన్న పళ్లచక్రం, అంటే ఫ్రీవీలూ ఒకే వరుసలో లేవని గాని, తొక్కుడుకు వెనుక చక్రమే ఇరుసు కూర్చునే గాడిలో కదిలిపోతోందని గాని అనుమానించాలి. లింకు తీయడం మొదటి లోపానికి నాలుగు రోజుల ఉపశమనం. రెండవదానికి అది మందే కాదు.

తిరుపతి వీధుల్లో ముప్పై ఏళ్లకు పైగా సైకిలు తొక్కుతూ, తోటివారి సైకిళ్లు విప్పి చూస్తూ వచ్చిన నాకు ఎక్కువగా కనిపించిన పొరపాటు ఇదే: చైను ఊడగానే తప్పంతా చైనుదే అనుకుంటారు, అది ఎక్కడ, ఏ వైపుకు ఊడిందో ఎవరూ చూడరు. ఈసారి ఊడినప్పుడు వెంటనే ఎక్కించకుండా, సైకిలును రోడ్డు పక్కకు తీసుకెళ్లి, స్టాండు వేసి, ఒక్క నిమిషం చూడండి. ఊడింది ముందు చైన్‌వీలు మీదనా, వెనుక ఫ్రీవీలు మీదనా? పడింది లోపలికి, అంటే ఫ్రేము వైపుకా, లేక బయటికి, అంటే మీ కాలి వైపుకా? నాలుగైదుసార్లు ఊడినప్పుడల్లా ఒక కాగితం మీద రాసుకోండి. ప్రతిసారీ ఒకే వైపుకు పడుతుంటే ఏదో వంకర ఉన్నట్లు. ఒకసారి ఇటు, ఒకసారి అటు పడుతుంటే వదులే ప్రధాన కారణం. ఈ చిన్న కాగితం మెకానిక్కు చేతిలో పెడితే అతని పని సగం తగ్గుతుంది.

ఇక మీ సైకిలు విషయంలో నాకు అన్నిటికంటే ముందు వెనుక ఇరుసు నట్ల మీద అనుమానం. పాత నల్ల సైకిళ్లకు వెనుక ఇరుసు మీద ఫోర్కుతో (చక్రాన్ని పట్టి ఉంచే ఫ్రేము కొసలతో) పాటు మడ్‌గార్డు కమ్మీలు, క్యారియరు కాళ్లు, కొన్నిటికి స్టాండు చెవులు కూడా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. బరువు మోసే సైకిలుకు దళసరి క్యారియరు వేయించినప్పుడు నట్టు పట్టుకోవడానికి మర చాలినంత మిగలదు. ఆ పలుచని రేకులన్నీ బరువుకు కొద్దికొద్దిగా నలిగేకొద్దీ, మీరు గట్టిగా బిగించిన నట్టు కూడా రెండు రోజుల్లో వదులవుతుంది. చైను లాగేది కుడివైపే కనుక ఇరుసు కుడి కొస ముందుకు జారుతుంది. చక్రం ఒరిగి, టైరు ఎడమవైపు గొట్టానికి దగ్గరవుతుంది. ఆ గొట్టం లోపలివైపు రంగు చెరిగి, టైరు రాసుకున్న గుర్తు ఉందేమో చూడండి. ఉంటే నా అనుమానం నిజమే. గుర్తు లేకపోయినా, ఈ రాత్రే సుద్దముక్కతో రెండువైపులా ఇరుసు ఉన్న చోట ఫోర్కు మీద సన్నని గీత గీసి, రేపు అలిపిరి ఎక్కి దిగాక చూడండి. గీత నుంచి ఇరుసు కదిలి ఉంటే, మీరు కొత్త చైను వేసినా, బంగారు చైను వేసినా అది ఊడక మానదు.

దీనికి చేయవలసింది పెద్ద పనేమీ కాదు. నట్లు విప్పి, మర అరిగి ఉంటే నట్లు మార్చి, వాటి కింద పళ్లున్న వాషర్లు వేయించండి. క్యారియరు కాళ్లు, కమ్మీలు అన్నీ ఫోర్కుకు బయటివైపే ఉండాలి. పంక్చరు వేసే తొందరలో వీటిలో ఏదైనా ఫోర్కుకు లోపలివైపు దూర్చి బిగిస్తే చక్రం మొత్తం రెండు మూడు మిల్లీమీటర్లు పక్కకు జరుగుతుంది, ఫ్రీవీలు వరుస తప్పుతుంది. మీకు ఈ బాధ మొదలైన మూడు నెలల కిందట వెనుక చక్రానికి పంక్చరు వేయించారేమో గుర్తు చేసుకోండి. చక్రాన్ని లాగిపట్టి ఇరుసు ముందుకు రాకుండా నిలిపే చైన్ అడ్జస్టర్లు మీ సైకిలుకు లేకపోతే అవి కూడా పెట్టించండి. రోజూ బుట్టతో ఎత్తు ఎక్కే సైకిలుకు అవి తప్పనిసరి అని నా అభిప్రాయం.

తరువాత చూడవలసింది వరుస. స్టాండు మీద ఉన్న సైకిలు వెనుక గొంతుకూర్చుని, ఒక కన్ను మూసి, చైను పైభాగం వెంబడి ముందుకు చూడండి. చైను తిన్నగా పోయి పళ్ల మీద ఎక్కాలి; ఎక్కే చోట పక్కకు వంగినట్లు కనిపించకూడదు. ఆ తరువాత పెడలును మెల్లగా చేత్తో తిప్పుతూ, సుద్దముక్కను ఫ్రేముకు ఆనించి చైన్‌వీలు పక్కన పట్టుకోండి. చైన్‌వీలు వంకర తిరిగి ఉంటే ఉబ్బిన చోట మాత్రమే సుద్ద అంటుకుంటుంది. సైకిలు కుడివైపుకు పడిపోయినప్పుడు పెడలు నేలకు తగిలి ఈ వంకర వస్తుంటుంది. గుర్తుపడిన చోట పానతో పట్టి మెల్లగా వంచి సరిచేయవచ్చు. అనుభవం ఉన్న చేతికి అది పావుగంట పని. క్రాంకును, అంటే పెడలు బిగించిన కమ్మీని, పట్టుకుని అటూ ఇటూ ఊపినప్పుడు టకటకమని ఆడితే, దానిని ఇరుసుకు బిగించే కాటర్ పిన్ను అరిగిందని అర్థం. రెండు క్రాంకులూ కలిసి పక్కలకు ఆడితే లోపలి ఇరుసు కప్పులు, వాటిలోని ఇనుప గుళ్లు (బేరింగులు) చూడవలసి ఉంటుంది. ఫ్రీవీలు తిరిగేటప్పుడు కాస్త ఊగడం మామూలే గాని, కంటికి కొట్టొచ్చినట్లు ఊగుతుంటే దాని ఆయుష్షు తీరినట్లే.

ఇక చైను సంగతి. చైను సాగిందని అంటుంటాం గాని ఆ ఇనుప రేకులు నిజంగా సాగవు. ఒక్కొక్క కీలులోని పిన్నూ, దాని చుట్టూ ఉన్న గుల్లా రాసుకుని అరుగుతాయి. ఒక్కో కీలు దగ్గర 0.1 మిల్లీమీటరు అరిగినా, నూరు కీళ్లున్న చైను 10 మిల్లీమీటర్లు పొడవవుతుంది. సైకిలు చైనులో ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకు దూరం అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. పళ్లన్నీ ఈ కొలతకే కోసి ఉంటాయి. చైను కొలత పెరిగితే అది పంటి మొదట్లో కూర్చోక, పంటి కొస వైపుకు పాకుతుంది. కొసకు పాకిన చైనుకు ఊడటానికి చిన్న కుదుపు చాలు. ఇప్పుడు లింకు తీయడం వల్ల ఏం జరుగుతుందో ఆలోచించండి. చైను మొత్తం పొడవు తగ్గి, వదులు పోతుంది, నిజమే. మిగిలిన ప్రతి కీలు మాత్రం అరిగినది అరిగినట్లే ఉంటుంది. పళ్లకూ చైనుకూ కొలత కుదరని అసలు లోపం అలాగే ఉండిపోతుంది. అందుకే మీకు వారం మాత్రమే బాగుంది. అదీ కాక, లింకుల జత తీస్తే చైను ఒక అంగుళం తగ్గుతుంది, వెనుక చక్రం అర అంగుళం ముందుకు రావాలి. రెండుసార్లు తీశాక చక్రం గాడి ముందు కొసకు వచ్చేసి, టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య సందు లేకుండా పోతుంది.

చైను అరిగిందో లేదో తెలుసుకోవడానికి పిల్లల బడి స్కేలు చాలు. చైను బిగిసి ఉన్న చోట ఒక పిన్ను నడిమధ్యన సున్న పెట్టి 12 అంగుళాల దగ్గర చూడండి. కొత్త చైనుకు సరిగ్గా 12 అంగుళాల గీత మీద మరో పిన్ను నడిమధ్య ఉంటుంది. ఆ పిన్ను గీతను దాటి వీసం మేరకు, అంటే అంగుళంలో 16వ వంతు పోయి ఉంటే చైను మార్చే వేళయింది. 8వ వంతు దాకా పోయి ఉంటే చైను ఒక్కటే మార్చి లాభం లేదు. అరిగిన చైను పళ్లను కూడా తన కొలతకు అరగదీసి ఉంటుంది. అరిగిన పళ్లు ఒకవైపుకు వంగిన కొక్కేల్లా కనిపిస్తాయి. వాటి మీద కొత్త చైను వేస్తే గట్టిగా తొక్కినప్పుడల్లా జారి టక్కుమంటుంది. అప్పుడు చైనూ ఫ్రీవీలూ కలిపి మార్చండి. చిన్నది కనుక ఫ్రీవీలు త్వరగా అరుగుతుంది. ముందున్న పెద్ద చైన్‌వీలు అంత త్వరగా పోదు, దానిని చూసి నిర్ణయించండి. ఖర్చు రెండింతలవుతుందని నాకు తెలుసు. అరిగిన ఫ్రీవీలు మీద వేసిన కొత్త చైను త్వరగానే పాడై, ఆ ఖర్చు మీకు మళ్లీ ఎదురవుతుంది కనుకనే ఇంతగా చెబుతున్నాను.

కొనేటప్పుడు గేర్లు లేని సైకిలుకు వేసే వెడల్పు చైనునే అడగండి. గేరు సైకిళ్ల సన్న చైను మీ దళసరి పళ్ల మీద కూర్చోదు. చైను రెండు కొసలూ కలిపే లాకుకు ఒకవైపు మూసి, ఒకవైపు చీలి ఉంటుంది. చైను పైభాగంలో ఉన్నప్పుడు మూసిన వైపు ముందుకు, చీలిన వైపు వెనక్కు ఉండాలి. తిరగేసి పెడితే ఏదైనా తగిలినప్పుడు ఊడి, చైనే తెగి కిందపడుతుంది. చక్రం బిగించాక చైన్‌వీలుకూ ఫ్రీవీలుకూ నడిమధ్య చైనును వేలితో పైకీ కిందికీ కదిపి చూడండి. మొత్తం మీద అర అంగుళం ఆడాలి. పెడలు తిప్పుతూ అన్నిటికంటే బిగువుగా ఉన్న చోటు వెతికి, అక్కడ ఈ అర అంగుళం ఉండేలా చూసుకోండి. చైన్‌వీళ్లు చాలావరకు కచ్చితమైన గుండ్రంగా ఉండవు, ఒక చోట బిగువు, ఒక చోట వదులు తప్పవు. ఇక ఊడకూడదని మరీ బిగించేస్తే తొక్కడం బరువై, చక్రం నడుమనున్న హబ్బులోని ఇనుప గుళ్లు చెడిపోతాయి.

మరొక్క మాట, అది మీ వేళ్ల గురించి. చైను ఎక్కించేటప్పుడు ముందుగా ఫ్రీవీలు మీద వేసి, తరువాత చైన్‌వీలు అడుగు పళ్లకు తగిలించి, పెడలును వెనక్కి తిప్పండి. దానంతట అది ఎక్కి కూర్చుంటుంది. చైనును ఒక పుల్లతో పట్టి పెట్టండి. ఒక చేత్తో పెడలు తిప్పుతూ రెండవ చేతి వేళ్లు చైనుకూ పళ్లకూ మధ్య ఉంచితే గోరు కాదు, వేలి కొసే పోతుంది. తెల్లవారుజామున చీకట్లో, ఇళ్లకు పూలు ఇవ్వాలన్న తొందరలో ఈ పొరపాటు జరగడం తేలిక. అలిపిరి రోడ్డు మీద ఆ వేళకే కొండకు వెళ్లే బస్సులు, జీపులు తిరుగుతుంటాయి. లేచి నిలబడి తొక్కుతుండగా చైను ఊడితే కాలు ఒక్కసారిగా కిందికి జారి సైకిలు తూలుతుంది. కనుక ఇదంతా సరిచేసేవరకు ఆ ఎత్తు దగ్గర సైకిలు దిగి నడిపించుకుని వెళ్లండని నా మనవి.

ప్రశ్న: మా అబ్బాయి చంద్రగిరి నుంచి తిరుపతి కళాశాలకు గేరు సైకిలు మీద వెళ్లి వస్తాడు. ముందు 3, వెనుక 7 పళ్లచక్రాలు ఉన్నాయి. ముందు చిన్న చక్రానికి మార్చినప్పుడు చైను లోపలికి పడిపోతోంది. పోయిన నెలలో ఒకసారి వెనుక చక్రం పుల్లల (స్పోకుల) మధ్య ఇరుక్కుని చక్రం ఆగిపోయింది. ఏం చేయాలి?
ఒక తండ్రి, చంద్రగిరి

జవాబు: రెండవ సంగతి ముందు చూడండి, అది ప్రమాదకరం. గేరు సరిచేయించేవరకు వెనుక అన్నిటికంటే పెద్ద పళ్లచక్రానికి వెళ్లవద్దని అబ్బాయికి గట్టిగా చెప్పండి. చైను పెద్ద చక్రాన్ని దాటి పుల్లల్లోకి పోతోందంటే, గేరు మార్చే పరికరం లోపలికి జరగవలసిన హద్దును మించి జరుగుతోందన్నమాట. ఆ హద్దు నిర్ణయించేందుకు వెనుక గేరుకు రెండు చిన్న స్క్రూలు ఉంటాయి. 'ఎల్' అక్షరం ఉన్నది పెద్ద చక్రం వైపు హద్దు, 'హెచ్' ఉన్నది చిన్న చక్రం వైపు హద్దు. 'ఎల్' స్క్రూను కుడివైపుకు పావు చుట్టు చొప్పున తిప్పుతూ, ప్రతిసారీ స్టాండు మీద గేరు వేసి చూడాలి. చైను పెద్ద చక్రం మీదికి ఎక్కాలి, దానిని దాటకూడదు.

అయితే ఇన్నాళ్లూ సరిగా ఉన్న హద్దు ఇప్పుడు ఎందుకు తప్పిందన్నది అసలు ప్రశ్న. కళాశాలల సైకిల్ స్టాండ్లలో ఒకటి పడితే వరుసగా అన్నీ పడతాయి. కుడివైపుకు పడిన గేరు సైకిలుకు గేరు వేలాడే కొక్కెం లోపలికి వంగుతుంది. వెనుక నుంచి చూసినప్పుడు గేరు కింద ఉన్న రెండు చిన్న చక్రాలూ పైనున్న పళ్లచక్రానికి సూటిగా కింద ఉండాలి. పుల్లల వైపుకు ఒరిగి ఉంటే కొక్కెం వంగినట్లే. వంగిన కొక్కేన్ని అలాగే ఉంచి స్క్రూలు తిప్పితే ఒక గేరు కుదిరి మరొకటి చెడుతుంది. ఉక్కు కొక్కేన్ని మెకానిక్కు సరిగా వంచగలడు. అల్యూమినియం కొక్కెం అయితే, విప్పి తీసేది కనుక, కొత్తది వేయించడం మేలు. దానిని అటూ ఇటూ వంచితే విరుగుతుంది.

ముందు లోపలికి పడేదానికి కూడా ముందు గేరు మీద ఉన్న 'ఎల్' స్క్రూనే మందు. చైనును ముందు చిన్న చక్రం మీద, వెనుక పెద్ద చక్రం మీద ఉంచి, గేరు లోపలి రేకుకూ చైనుకూ మధ్య సుమారు 1 మిల్లీమీటరు సందు మిగిలేలా తిప్పాలి. అబ్బాయి అలవాటును కూడా గమనించండి. ఎత్తు సగం ఎక్కాక, ఊపిరి అందక, గట్టిగా తొక్కుతూనే చిన్న గేరుకు మార్చేవారికి ఎంత మంచి సైకిలైనా చైను పడుతుంది. ఎత్తు మొదలు కాకముందే, పెడలు మీద బరువు తగ్గించి, మెల్లగా తిప్పుతూ మార్చాలి.

ప్రశ్న: మా పాప చిన్న సైకిలు చైను కిర్రుమంటోంది, అప్పుడప్పుడు ఊడుతోంది. ఇంట్లో ఉన్న కొబ్బరినూనె వేస్తున్నాను. పాప నేర్చుకుందని పక్క చక్రాలు తీసేశాం. నూనె మార్చాలా?
ఒక తల్లి, చిత్తూరు

జవాబు: నూనె మార్చాలి, కాని ఊడటానికి కారణం నూనె కాకపోవచ్చు. పక్క చక్రాల రేకులు కూడా వెనుక ఇరుసు నట్ల కిందే ఉంటాయి. వాటిని తీసినప్పుడు నట్లు విప్పి, చక్రాన్ని వెనక్కి లాగకుండానే బిగించి ఉంటారు. చైను అప్పుడే వదులై ఉంటుంది. చైనుకు కవరు ఉంటే అది విప్పి, పైన మొదటి జవాబులో చెప్పినట్లు అర అంగుళం ఆట ఉండేలా బిగించండి.

వంటనూనెలు, కొబ్బరినూనె గాలికి జిగురెక్కి, దుమ్మును పట్టి గట్టిపడతాయి. అది చైనులోని కీళ్లను బిగించేస్తుంది. అలా వంగని లింకు పళ్ల మీదికి వచ్చినప్పుడల్లా చైను ఎగురుతుంది. కిరసనాయిలు దొరికితే దానితో, లేకపోతే డీజిలుతో, మంటకు దూరంగా, పాత పళ్లబ్రష్షు పెట్టి కడిగి, గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాక ఒక్కొక్క రోలరు (లింకుల మధ్య తిరిగే గుండ్రని ముక్క) మీద ఒక్కొక్క చుక్క కుట్టుమిషను నూనె వేయండి. పది నిమిషాలయ్యాక పైకి కనిపించే నూనెనంతా తుడిచేయండి. నూనె అవసరం లోపలి కీళ్లకే. పైన మిగిలినది దుమ్మును పిలుస్తుంది. కుట్టుమిషను నూనె పలుచన కనుక నెలకు రెండుసార్లు వేయవలసి వస్తుంది. మన జిల్లాలకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు ఎక్కువ కనుక ఆ నెలల్లో తడిసిన ప్రతిసారీ తుడిచి నూనె వేయండి. 2021 నవంబరు వరదల తరువాత తిరుపతిలో నీట మునిగిన సైకిళ్లను నేను చూశాను. పైకి తుప్పు తుడిచినా కీళ్ల లోపల తుప్పు పట్టిన చైన్లు ఎంత నూనె వేసినా కదలలేదు. పాప చైనును చేత్తో పట్టి వంచి చూడండి. కీళ్లన్నీ తేలికగా వంగితే కడిగి వాడుకోవచ్చు, రెండు మూడు చోట్ల బిగుసుకుని ఉంటే కొత్తది వేయించండి.